ప్యాకేజీ ఎవరికి? చీటీ ఎవరికి?

రొమ్ము కాన్సర్ గురించి నలుగురిలో మాట్లాడటానికి సిగ్గుపడే కాలం కొంత వెనకబడింది. సంతోషమే. అక్టోబర్ నెల వస్తే మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలన్నీ గులాబీ రంగు పులుముకుంటాయి. రిబ్బన్లు, ఉదయపు పరుగులు, మామోగ్రామ్ మీద రాయితీ కూపన్లు, ఉపన్యాసాలు. ఈ హడావుడిలో ఒక మామూలు ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినపడదు. నిన్న రాత్రి స్నానం చేస్తుండగా రొమ్ములో గడ్డ చేతికి తగిలిన స్త్రీ ఈ రోజు ఎక్కడికి పోవాలి? ఆమెకు పరీక్ష రాసేదెవరు? అది ఎన్ని రోజుల్లో అవుతుంది? ఖర్చు ఎవరు భరిస్తారు?

నా వాదన సూటిగా చెప్తాను. హైటెక్ సిటీ ప్రాంతంలో రొమ్ము పరీక్ష ఏ లక్షణమూ లేని స్త్రీకి కానుకగా వస్తోంది, లక్షణం ఉన్న స్త్రీకి అందకుండా పోతోంది. డబ్బు ఎటు నుంచి వస్తుందో, ఎవరి శరీరాన్ని ఎవరు లెక్కలోకి తీసుకుంటారో, దాన్ని బట్టే ఈ పంపకం జరుగుతోంది. స్త్రీల సంఘాలుగా మనం కూడా గులాబీ బస్సు వెంట పడి, అడగాల్సిన హక్కును పక్కన పెట్టేస్తున్నాం.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. ఏ బాధా, ఏ లక్షణమూ లేని స్త్రీలను వరసగా పరీక్షించి, వారిలో అనుమానం ఉన్నవారిని వేరు చేయడాన్ని స్క్రీనింగ్ అంటారు. అది వడపోత. గడ్డ, చనుమొన నుంచి రక్తం, చర్మం లోపలికి లాగినట్టు ఉండటం లాంటి లక్షణంతో వచ్చిన స్త్రీకి చేసేది నిర్ధారణ పరీక్ష. రెంటికీ వాడే యంత్రం ఒకటే కావచ్చు, అడిగే ప్రశ్నలు మాత్రం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ వేర్వేరు కార్యక్రమాలుగానే చూస్తుంది. వైద్య వసతులు బలహీనంగా ఉన్న దేశాల్లో అందరికీ మామోగ్రామ్ అనే కార్యక్రమం కన్నా, లక్షణం కనిపించిన స్త్రీకి త్వరగా నిర్ధారణ, వెంటనే చికిత్స అందించడమే ముందు చేయాల్సిన పని అని 2014లోనే చెప్పింది.

వడపోతకు బయట ఉన్న స్త్రీలు కొద్దిమందేమీ కాదు. ఒక రొమ్ములోనే గడ్డ తగిలిన ఇరవై ఆరేళ్ల అమ్మాయి ఉంది. పాలగడ్డ అని వారాల తరబడి సర్దిచెప్పించుకున్న బాలింత ఉంది. తల్లికీ, పిన్నికీ ఇదే జబ్బు వచ్చిన స్త్రీ ఉంది. ఒకసారి చికిత్స పొంది, మళ్లీ వస్తుందేమోనని ఏటా పరీక్షకు రావలసిన స్త్రీ ఉంది. వీళ్లందరికీ ఒకే పరీక్ష సరిపోదు. ముప్పై లోపు వయసులో గడ్డ ఉంటే ముందు చేసేది అల్ట్రాసౌండే. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది, మామోగ్రామ్‌లో గడ్డ దాని చాటున దాక్కుంటుంది. నలభై దాటిన స్త్రీకి మామోగ్రామ్, దానితో పాటు అల్ట్రాసౌండ్. గర్భిణికీ బాలింతకూ అల్ట్రాసౌండ్ వల్ల హాని లేదు. అనుమానం మిగిలితే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. డాక్టర్ చెయ్యి, చిత్రం, సూది - ఈ మూడూ కలిస్తేనే నిర్ధారణ. చేతికి గడ్డ స్పష్టంగా తగులుతుంటే, మామోగ్రామ్ బాగానే ఉందని చెప్పి ఇంటికి పంపడం వైద్యం కాదు. గడ్డ ఉండి కూడా మామోగ్రామ్‌లో కనపడని కాన్సర్లు ఉంటాయని వైద్య పుస్తకాలే చెప్తాయి.

ఇంత తెలిసిన విషయం మన ఐటీ కారిడార్‌కు వచ్చేసరికి ఎందుకు తలకిందులవుతోంది?

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతాన్ని స్త్రీల విముక్తికి చిరునామాగా చూపించడం అలవాటయింది. ఉద్యోగాలు వచ్చిన మాట నిజం. ఊరి నుంచి వచ్చిన ఆడపిల్ల సొంత జీతంతో, సొంత గదిలో బతకగలగడం చిన్న మార్పేమీ కాదు. కానీ ఒకే మేడలో పనిచేసే ఇద్దరు స్త్రీలను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. కొంతకాలంగా ఇక్కడ పనిచేసే స్త్రీలతో వాళ్ల పనిగంటల గురించీ, ఆరోగ్యం గురించీ మాట్లాడుతున్నాను. ఈ ఇద్దరూ ఆ మాటల్లో ఎదురైనవాళ్లే.

మొదటామె సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పై రెండేళ్లు. కంపెనీ ఏటా ఇచ్చే ఆరోగ్య ప్యాకేజీలో 'మహిళల ప్రత్యేక' పరీక్షలు ఉన్నాయి. అందులో మామోగ్రామ్ ఉంది కాబట్టి చేశారు. ఆమె రొమ్మును డాక్టర్ ఎవరూ చేతితో పరీక్షించలేదు. కుటుంబ చరిత్ర అడగలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్‌కు రిపోర్టు వచ్చింది: 'బైరాడ్స్ 0'. ఆమెకు అది ఏమిటో తెలియదు. సున్నా అంటే జబ్బు లేదనుకుంది. నిజానికి బైరాడ్స్ అనేది అమెరికా రేడియాలజిస్టుల సంస్థ రూపొందించిన వర్గీకరణ. అందులో సున్నా అంటే పరీక్ష అసంపూర్తిగా ఉంది, ఇంకో చిత్రం తీయాలి అని. ఒకటి అంటే మామూలుగా ఉంది అని. మూడు అంటే కాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడాలి అని. ఈ నాలుగు ముక్కలు ఆమెకు చెప్పే మనిషి ప్యాకేజీలో లేరు. ఎవరో స్నేహితురాలు చెప్పాక భయం పట్టుకుంది. మళ్లీ మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఆ తర్వాత ఎంఆర్ఐ. చివరికి ఏమీ లేదన్నారు. "ఏమీ లేదన్నందుకు సంతోషించాలా, అసలు ఎందుకు మొదలుపెట్టారని అడగాలా తెలియలేదు" అన్నదామె.

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. ఆమెకే రేపు నిజంగా గడ్డ తగిలితే ఆమె చేతిలోని బీమా కార్డు పెద్దగా పనికిరాదు. మన ఆరోగ్య బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తుంది. కేవలం పరీక్షల కోసం చేరితే ఆ ఖర్చు చెల్లించనక్కరలేదన్న మినహాయింపును బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణిక జాబితాలోనే చేర్చింది. బయటి రోగిగా పోయి అల్ట్రాసౌండ్, ముక్క పరీక్ష చేయించుకుంటే చాలా పాలసీల్లో సొంత డబ్బే. మరోవైపు నివారణ ఆరోగ్య పరీక్షల పేరిట ఏటా 5,000 రూపాయల దాకా ఆదాయపు పన్ను మినహాయింపును 2012 బడ్జెట్ ప్రవేశపెట్టింది. అంటే జబ్బు లేనప్పుడు పరీక్ష చేయించుకుంటే ప్రభుత్వమూ కంపెనీ కూడా తలొక చెయ్యి వేస్తాయి. గడ్డ తగిలిన రోజున ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకుంటారు.

రెండో ఆమె అదే మేడలో, అదే అంతస్తులో నేల తుడుస్తుంది. నలభై మూడేళ్లు. పాలమూరు నుంచి వచ్చి బోరబండలో ఉంటోంది. కాంట్రాక్టర్ కింద ఉద్యోగం. కుడి రొమ్ములో గడ్డ తగిలి ఏడు నెలలయిందట. ఎందుకు చూపించుకోలేదని అడిగితే "నొస్తలేదు గద మేడం, నొస్తే పొయ్యేదాన్ని" అన్నది. నొప్పి లేని గడ్డనే ముందు అనుమానించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కింద లాబీలో గులాబీ బెలూన్లు కట్టింది ఆమే. ఆ బెలూన్ల కింద జరిగిన శిబిరం ఉద్యోగుల కోసం. కాంట్రాక్టు కార్మికులు ఆ లెక్కలోకి రారు.

ఆమెకు ఈఎస్ఐ ఉంది. జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారిని చేర్చుకునేలా ఆ పరిమితిని 2017లో పెంచారు. కాగితం మీద చూస్తే ఆమె హక్కు మొదటి ఉద్యోగి హక్కు కన్నా గట్టిది. చట్టం ఇచ్చిన వైద్యం అది, కంపెనీ దయ కాదు. ఆచరణలో అది ముందు డిస్పెన్సరీ, అక్కడ చీటీ రాస్తే సనత్‌నగర్ ఆసుపత్రి, అక్కడ సర్జన్, మళ్లీ చీటీ, స్కానింగ్ తేదీ, రిపోర్టు తేదీ, సూది పరీక్ష తేదీ. ఒక్కో తేదీకి ఒక్కో రోజు కూలి పోతుంది. పూట సెలవు అడిగితే రోజంతా కోత వేసే సూపర్‌వైజర్ ఉన్నాడు. కాంట్రాక్టర్ మారితే కార్డు సంగతి మళ్లీ మొదటికి వస్తుంది. ఆమె ఒకసారి పోయింది కూడా. 'వేడి చేసింది' అని మాత్రలిచ్చి పంపారు. చీటీ రాయలేదు.

ఈ ఇద్దరిలో ఒకరికి అక్కరలేని పరీక్ష, ఇంకొకరికి అందని పరీక్ష. పైకి ఇవి రెండు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి. రెండు చోట్లా లోపించింది ఒకటే: స్త్రీ చెప్పే మాట విని, చేతితో పరీక్షించి, ఏ పరీక్ష ఎందుకో రాసిచ్చి, ఫలితం వచ్చేదాకా బాధ్యత పట్టే మనిషి. ఆ మనిషి రాసే చీటీ నుంచే నిర్ధారణ మొదలవుతుంది. ప్యాకేజీలో చీటీతో పనే లేదు, ఎందుకంటే అక్కడ నిర్ణయం తీసుకున్నది మార్కెటింగ్ విభాగం. బస్తీలో ఆ చీటీ రాసే మనిషే దొరకదు.

ఇది ఎంత పెద్ద విషయమో అంకెల్లో చూద్దాం. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము కాన్సర్ వచ్చింది. అదే ఏడాది 98,000 మందికి పైగా చనిపోయారు. ఇద్దరికి జబ్బు తేలుతుంటే ఒకరు పోతున్నారు. జాతీయ కాన్సర్ రిజిస్ట్రీ 2020లో ఇచ్చిన నివేదికలో రొమ్ము కాన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువ నమోదయిన చోటు హైదరాబాద్ జిల్లా: లక్ష మంది స్త్రీలకు 48. ఇక 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము కాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు, 0.9 శాతం.

ఈ అంకెలు చూసిన వెంటనే "అందుకే మరిన్ని మామోగ్రామ్‌లు కావాలి" అనేవాళ్లుంటారు. నిజాయితీగా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ముంబై అనుభవాన్ని గుర్తు చేయాలి. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి ఇరవై ఏళ్ల పాటు ముంబై మురికివాడల్లో 35-64 ఏళ్ల స్త్రీలు లక్షన్నర మందితో ఒక అధ్యయనం చేసింది. యంత్రాలు లేవు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష పొందిన బృందంలో జబ్బు ముదరకముందే బయటపడింది. యాభై, ఆ పై వయసు స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో అలాంటి తగ్గుదల కనపడలేదు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగినులకు అమ్ముతున్న ప్యాకేజీలకు ఇది ఏ మద్దతూ ఇవ్వదు. రెండోది ఇంకా ముఖ్యం. ఆ కార్యకర్త చెయ్యి పనిచేసిందంటే, దాని వెనక తలుపు తెరిచి ఉంచిన ఒక ఆసుపత్రి ఉంది. అనుమానం వచ్చిన స్త్రీకి పరీక్ష, చికిత్స అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఆ తలుపు లేకుండా చెయ్యి ఒక్కటే ఉంటే, స్త్రీకి భయం తప్ప ఏమీ మిగలదు.

మన ప్రభుత్వాలు ఆ చేతిని ప్రకటించాయి, తలుపు సంగతి మరిచిపోయాయి. ముప్పై దాటిన స్త్రీలందరికీ అయిదేళ్లకోసారి చేతితో రొమ్ము పరీక్ష అని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలిచ్చింది. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారాల్లో స్త్రీలకు ప్రత్యేక క్లినిక్‌లు ప్రారంభించింది. మంచి అడుగులే. కానీ అనుమానం వచ్చిన స్త్రీని పై ఆసుపత్రికి 'పంపాం' అని రిజిస్టర్‌లో రాసుకోవడంతో కింది మెట్టు బాధ్యత తీరిపోతోంది. ఆమె చేరిందా, స్కానింగ్ అయిందా, ముక్క పరీక్ష ఫలితం చేతికి వచ్చిందా అన్నది ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే బరువంతా రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె కాన్సర్ ఆసుపత్రి మోస్తోంది. మాదాపూర్ నుంచి అమీర్‌పేటలో రైలు మారి లక్డీకాపూల్‌లో దిగితే అది దగ్గరే. దారి దూరం కాదు. అక్కడికి చేర్చే కాగితం దూరం.

భయాన్ని సరుకు చేయడం మనకు కొత్త కాదు. తెలుగు జిల్లాల్లో 'గర్భసంచి తీయించుకోకపోతే కాన్సర్ అవుతుంది' అని బెదిరించి, ముప్పై ఏళ్లు నిండని కూలి స్త్రీల గర్భసంచులు తీసేసిన కథలు ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్యాకేజీలు ఆ వ్యాపారానికి ఎలా ఉపయోగపడ్డాయో మనమే లేవనెత్తాం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు ఆదేశాలు ఇచ్చేదాకా ఆ పోరాటం సాగింది. పేద స్త్రీకి ఆపరేషన్, ఉద్యోగినికి స్కానింగ్. రెండు చోట్లా భయం ఒకటే, బిల్లు వేరు. రెండు చోట్లా 'నీ మంచికే' అనే మాట స్త్రీ నోరు మూయిస్తుంది.

కుటుంబం పాత్రను కూడా దాచిపెట్టలేం. పెళ్లికాని అమ్మాయికి రొమ్ములో గడ్డ ఉందని తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయని తల్లులే దాస్తున్నారు. స్కానింగ్ గదిలో ఉన్నది మగ టెక్నీషియన్ అని తెలిసి వెనక్కి తిరిగిన స్త్రీలున్నారు. సూది పరీక్షకు 'ఇంటాయనను తీసుకురామ్మా' అనే కౌంటర్లున్నాయి. పెద్దదైన స్త్రీ తన శరీరం మీద చేయించుకునే పరీక్షకు తన సంతకం చాలు. భర్త అనుమతి కావాలని ఏ చట్టమూ చెప్పదు.

ఈ మధ్య ఇంకో సాకు వినపడుతోంది. లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల అల్ట్రాసౌండ్ యంత్రాలను బస్తీలకు తేలేకపోతున్నామని. ఆ చట్టం కోసం స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి కాబట్టి జవాబు కూడా మనమే చెప్పాలి. చేతిలో పట్టుకుపోయే యంత్రాల వాడకాన్ని నియమాలు పరిమితం చేసిన మాట నిజం. రిజిస్టర్ అయిన కేంద్రంలో రొమ్ము స్కానింగ్ చేయకుండా ఆ చట్టం ఎవరినీ ఆపలేదు. ఫారం ఎఫ్ నింపాల్సింది గర్భిణుల స్కానింగ్‌కే. ఆడపిల్లను కాపాడే చట్టాన్ని చూపించి ఆమె తల్లికి పరీక్ష ఎగ్గొట్టడం సాగనివ్వకూడదు.

మరి మనం ఏం అడగాలి? లక్షణంతో వచ్చిన స్త్రీకి, వయసు, జీతం, కార్డు రంగు చూడకుండా, చేతి పరీక్ష, చిత్రం, అవసరమైతే సూది పరీక్ష ఉచితంగా, గడువు లోపల జరగాలి. ఈ గడువు గొంతెమ్మ కోరికేమీ కాదు. తొలిసారి చూపించుకున్న నాటి నుంచి 60 రోజుల్లో నిర్ధారణ పూర్తి కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన రొమ్ము కాన్సర్ కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యం. ఇంగ్లండ్‌లో 2023 అక్టోబర్‌లో పాత రెండు వారాల నియమాన్ని తీసేసి, పంపిన 28 రోజుల్లో ఉందో లేదో చెప్పాలన్న ప్రమాణాన్ని నిలబెట్టారు. కాన్సర్ అనుమానం లేకపోయినా రొమ్ము లక్షణాలతో వచ్చిన స్త్రీలకు కూడా అదే గడువు. మన దగ్గర అలాంటి గడువు రాసిన గోడ ఒక్కటి కూడా నాకు కనపడలేదు. ఆ గడువు బస్తీ దవాఖానా గోడ మీద, ఈఎస్ఐ డిస్పెన్సరీ గోడ మీద రాయించాలి. పరీక్షకు పోయిన రోజు కూలి కోయకూడదని కాంట్రాక్టర్‌తోనూ, అతన్ని పెట్టుకున్న కంపెనీతోనూ ఒప్పందంలో రాయించాలి.

చట్టంలో ఇప్పటికే ఉన్నవి వాడుకోవాలి. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం రోగిని పంపినందుకు కమిషన్ తీసుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఎంతమంది కార్యకర్తలకు ఈ సంగతి తెలుసు? ఎంతమంది స్త్రీల చేతికి వాళ్ల ఫిల్ములు, రిపోర్టులు వస్తున్నాయి? చదువుకున్న ఉద్యోగినికి కూడా అడిగే హక్కు ఉంది: నాకు ఏ లక్షణమూ లేనప్పుడు ఈ వయసులో ఈ పరీక్ష ఎందుకు? వద్దంటే ఏమవుతుంది? నా రిపోర్టు కంపెనీ చూస్తుందా?

చివరిగా మన సంస్థల గురించి. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాల్సి వచ్చింది. మామోగ్రామ్ బస్సు వాళ్లకు అనువైన ఖర్చు: ఫోటో వస్తుంది, 'ఇంతమంది స్త్రీలను పరీక్షించాం' అన్న అంకె వస్తుంది. మనమూ స్త్రీలను పోగుచేసి ఆ బస్సు ముందు వరసలో నిలబెడుతున్నాం. ఆ అంకెలో అనుమానం వచ్చిన స్త్రీలెందరు, వారిలో సూది పరీక్ష దాకా చేరినవారెందరు అన్న రెండో అంకె మనం అడగడం లేదు. అడగకపోతే మనం స్త్రీల సంఘాలం కాము, బస్సుకు జనాన్ని సరఫరా చేసే కాంట్రాక్టర్లం.

కాబట్టి శిబిరానికి ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు వేద్దాం. అనుమానం వచ్చిన స్త్రీ మర్నాడు ఏ ఆసుపత్రిలో ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి? పరీక్షల ఖర్చు ఎవరిది? ముక్క పరీక్ష ఫలితం ఆమె చేతిలో పెట్టేదాకా వెంట ఉండే కార్యకర్త ఎవరు, ఆమె జీతం ఎవరిస్తారు? జవాబు లేకపోతే శిబిరం వద్దందాం. ఆ డబ్బుతో ఇద్దరు కార్యకర్తలను పెట్టి, ఈఎస్ఐ కార్డు ఉన్న స్త్రీలను డిస్పెన్సరీ నుంచి సూది పరీక్ష దాకా నడిపించమందాం. బోరబండ ఆమెతో మా కార్యకర్త ఒకామె సనత్‌నగర్‌కు పోతోంది. స్కానింగ్ అయింది, సూది పరీక్షకు తేదీ ఇచ్చారు. వచ్చే అక్టోబర్‌లో గులాబీ బస్సు మీ బస్తీకి వస్తే, రిబ్బన్ పిన్ను పెట్టుకునే ముందు వాళ్ల చీటీల పుస్తకం ఒకసారి తెరిచి చూపించమనండి.